చెరువు ఒడ్డు గడి

నర్సంపేట దిక్కు నుంచి మా ఊరికి పోతుంటే ఇప్పటికీ ముందు కనపడేది గడి బురుజు. గడి అంటే కోట లాగా కట్టుకున్న దొర ఇల్లు. దాని వెనకాల చెరువు కట్ట, కట్ట మీద తాళ్లు. బురుజులు రెండుండేవి, ఇప్పుడు ఒకటే మిగిలింది. అది కూడా ఈ ఏడు ఉంటుందో ఉండదో అంటున్నారు. దాని సంగతులు తెలిసిన పెద్దవాళ్లు ఒక్కొక్కరే పోతున్నారు. అందుకే మా ఇంట్లో విన్నది, నేను కళ్లతో చూసింది రాసి పెడుతున్నాను.

మాది నీరటి ఇల్లు. చెరువు తూము తెరవడం, మూయడం, కాలువ వెంట తిరిగి ఏ మడికి ఎంత నీరు పారాలో చూడడం, వానాకాలం రాత్రుళ్లు కట్ట మీదే పడుకుని గండి పడకుండా కాయడం మా తాతముత్తాతల పని. కోతలప్పుడు కల్లం దగ్గర రైతులు కొలిచి ఇచ్చే మేరతోనే ఇల్లు గడిచేది. చెరువుకు ఈ ఒడ్డున మా గుడిసె, ఆ ఒడ్డున గడి.

ఆ గడి చాలా చేతులు మారింది. కట్టించిన దొరలు, కొన్నాళ్లు పోలీసు క్యాంపు, మళ్లీ దొరలు, ఆ తర్వాత బడి, ఇప్పుడు హన్మకొండ నుంచి వచ్చిన ప్లాట్ల వ్యాపారి. మా ఇంట్లో మాత్రం ఈ కథను యజమానుల పేర్లతో చెప్పుకోరు. ఏ కాలంలో మన మనిషి గడిలో ఎక్కడిదాకా పోగలిగాడు అనే లెక్కతో చెప్పుకుంటారు. వెనక వైపు దిడ్డి దర్వాజ దాకానా, దొర లెక్కలు, పంచాయితీలు నడిపే కచేరి మెట్ల దాకానా, నడుమ ఆకాశం కనపడే లోపలి భవంతి దాకానా, లేక మేడ మీదికా.

నిజాం రాజ్యంలో మొదట శిస్తు వసూలు దేశ్‌ముఖులు, దేశ్‌పాండ్యాల చేతిలో ఉండేది. 1860ల్లో సాలార్‌జంగ్ జిల్లాలు ఏర్పాటు చేసి, సర్కారు ఉద్యోగులతోనే వసూలు చేయించడం మొదలుపెట్టాడు. పాత వసూలుదార్లకు పరిహారంగా రుసుములు, వతన్లు దక్కాయి. తర్వాత భూముల సర్వే జరిగినప్పుడు పలుకుబడి ఉన్నవాళ్లు ఊళ్లకు ఊళ్లే తమ పేర పట్టా చేయించుకున్నారు. మా దొరలు కూడా అట్లా పెద్దవాళ్లయినవాళ్లే. గడి లేచింది ఆ తర్వాతి తరంలో.

మా ముత్తవ్వ, అంటే తాత వాళ్లమ్మ, ఆ గడికి సున్నం మోసింది. ఎడ్లను కట్టిన గానుగలో సున్నం, ఇసుక వేసి రోజుల తరబడి తిప్పేవాళ్లట. అందులో కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు పోసేవాళ్లు. గోడ గట్టిపడడానికి అది అవసరమే, పాత కట్టడాలన్నీ అట్లా కట్టినవే. కానీ ముత్తవ్వ జ్ఞాపకంలో మిగిలింది గోడ గట్టితనం కాదు. ఇంట్లో పిల్లలు గటక కోసం ఏడుస్తుంటే, ఇక్కడ గంపల కొద్దీ బెల్లం సున్నంలో కలిసిపోవడం చూస్తూ నిలబడ్డది. చంకన ఉన్న పిల్ల చెయ్యి చాపితే గుమాస్తా కసిరాడట. ఈ మాట ఆమె మా తాతకు చెప్పింది, తాత నాకు చెప్పాడు. పాకాల అడవి నుంచి టేకు దూలాలు తెచ్చిన బండ్లూ వెట్టివే, ఎడ్లకు మేత కూడా బండివాళ్లదే.

మా దిక్కు సముద్రం లేదు. అయినా కాకతీయుల కాలం నుంచి పెద్ద చెరువులను సముద్రాలనే పిలిచారు. ములుగు దగ్గరి ఘనపురం చెరువు గణపసముద్రం, గణపతిదేవుని చెల్లెలు మైలాంబ తవ్వించిన బయ్యారం చెరువు ధర్మకీర్తి సముద్రం. మా చెరువు అంత పెద్దది కాదు కానీ, నిండి మత్తడి మీది నుంచి నీళ్లు దుంకినప్పుడు ఆ ఒడ్డు కనపడేది కాదు. దొరలు మేడను నీళ్ల వైపు తిప్పి కట్టించారు. వరుసగా ఏడు కిటికీలు, టేకు చట్రాలు, సాయంత్రం చెరువు గాలి నేరుగా లోపలికి వచ్చేట్టు. ఇంత మంచి జాగ ఎంచుకున్నవాళ్ల కన్ను మెచ్చుకోవలసిందే.

గడి ముందు నుంచి పోయేటప్పుడు చెప్పులు చేతిలో పట్టుకోవాలి, తలగుడ్డ తీసి భుజాన వేసుకోవాలి, గొడుగు ముడవాలి. కుమ్మరి కుండలివ్వాలి, చాకలి బట్టలు ఉతకాలి, మాదిగలు మోటలకు తోలు, దొరకు చెప్పులు ఇవ్వాలి, అన్నీ ఊరికే. విత్తనాలకు నాగు, అంటే గింజల అప్పు, తెస్తే పంటకు ఒకటికి ఒకటిన్నర కొలవాలి. ఇవి తెలంగాణలో చాలా ఊళ్ల సంగతులే కాబట్టి ఎక్కువ రాయను. ఒక్క మాట మాత్రం రాయాలి. దొర బిడ్డలకు పెళ్లి చేసి పంపేటప్పుడు వెంట ఆడబాపలను, అంటే దాసీలుగా ఆడపిల్లలను, పంపేవాళ్లు. మా వాడకట్టు నుంచి అట్లా పోయిన ఒక ఆడపిల్ల గురించి అడిగితే, నాయినమ్మ చేస్తున్న పని ఆపి బయటికి పోయేది. ఆమె బతికున్నంత కాలం ఆ పిల్ల పేరు మాకు చెప్పలేదు.

1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకులకు దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఆ కబురు మా ఊరికి కాలినడకన వచ్చిందని తాత అనేవాడు. తర్వాత సంగం, అంటే దొరల మీద పోరాడిన ఆంధ్ర మహాసభ, వచ్చింది. వెట్టి చెయ్యం అన్న మాట మొదటిసారి కట్ట మీద రాత్రిపూట వినపడింది. దొర కుటుంబం హన్మకొండ చేరింది. 1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య జరిగి నిజాం లొంగిపోయాక, సంగం వాళ్ల కోసం వెతికే క్యాంపు గడిలో దిగింది. 1951 అక్టోబర్‌లో పోరాటం విరమించేదాకా అక్కడే ఉంది.

మా తాత గడి లోపలి భవంతిని మొదటిసారి చూసింది అప్పుడే. చేతులు వెనక్కి కట్టి తీసుకుపోయారు. రాత్రుళ్లు కట్ట మీద ఉండేవాడు కదా, సంగం వాళ్లకు అన్నం ఎవరు తెస్తున్నారో చెప్పమని అడిగారు. తాత చెప్పలేదు. మూడో రోజు వదిలేశారు. ఆ మూడు రోజుల గురించి ఎప్పుడు అడిగినా ఒకటే చెప్పేవాడు: భవంతిలో నడుమ తులసికోట ఉందని, దాని చుట్టూ నల్ల రాళ్లు పరిచారని, ఆ రాళ్లు పొద్దున చల్లగా, మధ్యాహ్నం కాలిపోతూ ఉండేవని. ఇంకేమీ చెప్పడు. ఆయన కుడి భుజం పూర్తిగా లేవకపోవడం నేను చిన్నప్పటి నుంచి చూశాను.

1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. మా దొర తెల్ల ఖద్దరు కట్టుకుని ఊరికి తిరిగి వచ్చాడు. కౌలుదార్ల చేతికి భూమి పోతుందన్న భయంతో దొరలు చాలామంది ఆ రోజుల్లో పొలాలు చిల్లరగా అమ్మేశారు. స్టాంపులు లేవు, రిజిస్ట్రేషన్ లేదు, తెల్ల కాగితం మీద రాసి వేలిముద్ర, ఇద్దరు సాక్షులు. అదే సాదాబైనామా. మా తాత బర్రెను అమ్మి, నాయినమ్మ వెండి కడియాలు కరిగించి చెరువు కింద ఎకరం తరి, అంటే నీళ్లు పారే పొలం, కొన్నాడు. కాగితం రాసింది కచేరిలో. తాత మెట్ల కింద నిలబడ్డాడు, గుమాస్తా మెట్లు దిగి వచ్చి వేలిముద్ర తీసుకున్నాడు. పహాణీలో పట్టాదారు కాలమ్‌లో దొర పేరు అట్లాగే ఉండిపోయింది. అనుభవదారు కాలమ్‌లో తాత పేరు ఎక్కింది. ఊళ్లో అందరూ భూమి ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే అనుకున్నారు, తాత కూడా అంతే.

1978 సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్ర, దొరల మీద రైతు కూలీలు కదిలిన పెద్ద ఊరేగింపు. ఆ అక్టోబర్‌లోనే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ గాలి మా దిక్కు రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. దొర కొడుకులు గడికి తాళం వేసి పట్నం పోయారు. ఒక రాత్రి కొందరు వచ్చి కచేరి తాళం పగలగొట్టి లెక్కల పుస్తకాలు, ప్రామిసరీ నోట్లు కుప్ప పోసి కాల్చారు. పొద్దున మేం పిల్లలం పోయి చూస్తే భవంతి నిండా నల్లటి కాగితం బూడిద. ఊరు ఊపిరి పీల్చుకుంది. అప్పు పత్రాలు పోయాయని నాయిన కూడా సంబరపడ్డాడు. తాత ఒక్కడు బూడిదలో కట్టెతో కెలుకుతూ చాలాసేపు ఉన్నాడు. ఆయన సాదాబైనామా రెండో ప్రతి ఆ కచేరిలోనే ఉండేది.

ఆ తర్వాత గడిలోకి బడి వచ్చింది. ఊరి బడికి పైకప్పు కురుస్తుంటే, దొర కొడుకులు ఊరి పెద్దల మాట విని గడిని బడికి ఇచ్చారు. ఎన్‌టీఆర్ సర్కారు పటేల్ పట్వారీలను తీసేసిన కాలం అది, 1984. కచేరికి ఇక చేసే పనే లేకుండా పోయింది. దొర కూర్చునే గద్దె మీద మా హెడ్‌మాస్టర్ కుర్చీ. గరిసెలుండే అర్రలో ఆరో తరగతి, గుర్రాల కొట్టంలో ఆటల సామాను. మేడ మీద తొమ్మిది, పది. గోడలకు సున్నం రాలుతున్నా, వేసవిలో ఫ్యాన్ లేకపోయినా చల్లగా ఉండేది. మధ్యాహ్నం గంట కొట్టగానే పెద్ద దర్వాజ లోంచి అందరం ఒకేసారి బయటికి ఉరికేవాళ్లం. ఆ దర్వాజకు ఇనుప మేకులు కొట్టిన టేకు తలుపులు. దాని కింద నుంచి మా వాడకట్టు పిల్లలు అరుచుకుంటూ పోతుంటే, ఎదుటి అరుగు మీద కూర్చున్న ముసలివాళ్లు చూస్తూ ఉండిపోయేవాళ్లు.

మేడ మీద క్లాసు దొరికిన ఏడు నేను పాఠం విన్నదానికంటే కిటికీలోంచి చెరువు చూసిందే ఎక్కువ. కింద నుంచి చూస్తే చెరువు ముక్కలు ముక్కలుగా కనపడుతుంది. ఇక్కడ తాటిచెట్టు, అక్కడ తుంగ, దూరంగా మెరుపు. పైనుంచి చూస్తే కట్ట మొత్తం ఒక్క చూపుకు అందుతుంది, పెద్దతూము, చిన్నతూము, మత్తడి, అవతల నీళ్లు తీసిన శిఖం భూమిలో పుచ్చకాయ పాదులు. ఇంటికి పోయి తాతకు చెప్పేవాణ్ణి. ఆయన వింటూ తుండుతో ముఖం తుడుచుకునేవాడు.

ఆ ఏడు పంద్రాగస్టుకు జెండా ఎగరేశాక మా సైన్స్ సార్ తాతను చూసి, "రా తాతా, మేడ మీదికి రా, నీ మనుమడు రోజూ ఏం చూస్తున్నడో చూద్దువుగని" అన్నాడు. తాత మెట్ల దగ్గర ఆగి చెప్పులు విడిచాడు. సార్ కిందికి దిగి వచ్చి, ఆ చెప్పులు తీసి మళ్లీ తాత కాళ్ల ముందు పెట్టాడు. "ఇది బడి తాతా, వేసుకోని రా."

తాత ఒక్కో మెట్టు చూసుకుంటూ ఎక్కాడు. నడిమి కిటికీ దగ్గర నిలబడి చట్రాన్ని చేత్తో తడిమాడు. అప్పుడు బయటికి చూశాడు.

"ఇంత పెద్దగుంటదా మన చెరువు" అన్నాడు.

డెబ్బై ఏండ్ల మనిషి. ఆ చెరువు అడుగున ఏ మూల ఏ రాయి ఉందో కాళ్లతో తెలిసినవాడు. మొత్తం చెరువును ఒక్కసారి చూడడం అదే మొదలు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వేలు చాపి, "అగో, గది పెద్దతూము. గా తాడి కింద నేను పండేది" అని, మళ్లీ ఆగి, "తూము కాడ నేను ఎప్పుడు లేనో దొరకు ఎట్ల ఎరుకయ్యేదో నాకిప్పుడు తెల్సింది బిడ్డా. గీడ కూసుండి చూసేటోడు" అన్నాడు.

సార్ ఆ మాట విని పిల్లలందరినీ పిలిచి తాత చుట్టూ కూర్చోబెట్టాడు. తూము ఎట్లా పని చేస్తుందో చెప్పమన్నాడు. తాత మొదట సిగ్గుపడ్డాడు, తర్వాత మొదలుపెట్టాడు. నీళ్లలో నిలబెట్టిన రెండు రాతి స్తంభాలు, వాటి మధ్య అడ్డంగా రాళ్లు, ఆ రాళ్లకు తొలిచిన రంధ్రాల్లోంచి దిగిన పొడుగాటి కర్ర, కర్ర చివర రంధ్రానికి సరిపోయే చెక్క బిరడా. కర్ర ఎంత లేపితే అంత నీరు. చెత్త అడ్డం పడితే మునిగి చేత్తో తీయాలి, నీటి గుంజుడుకు చెయ్యి లోపలికి పోకుండా కాళ్లతో స్తంభాన్ని పట్టుకోవాలి. నీరు తక్కువైన ఏడు ముందు చివరి మడికి ఇచ్చి, తర్వాత దగ్గరి మడికి రావాలి. లేకపోతే చివరివాడికి ఎప్పటికీ అందదు. ఇదంతా తాత బోర్డు మీద సుద్దముక్కతో గీసి చూపించాడు. ఆయన చేతిలో సుద్దముక్క చూడడం నాకు అదొక్కసారే. ఆ బొమ్మను సార్ వారం రోజులు చెరపనివ్వలేదు.

తాత నాలుగేండ్ల తర్వాత పోయాడు. బడి కొత్త బిల్డింగ్‌కు మారింది. గడి మళ్లీ ఖాళీ అయింది. దూలాలు, చౌకట్లు మెల్లగా మాయమయ్యాయి. పాత టేకుకు పట్నంలో మంచి ధర ఉంది. ఊరివాళ్లూ తీసుకుపోయారు, అమ్ముకోవడానికి బయటివాళ్లూ వచ్చారు. ఒక బురుజు పెద్ద వానకు కూలింది.

2017లో భూ రికార్డుల ప్రక్షాళన జరిగి, ఆ తర్వాత కొత్త పాసుపుస్తకాలొచ్చాయి. వాటిలో అనుభవదారు కాలమ్ లేకుండా పోయింది. తాత ఎకరం కాగితం మీద ఎప్పుడో చనిపోయిన దొర పేరనే తేలింది. నాయిన ఇనుప పెట్టెలోంచి మడతల దగ్గర చిరిగిపోయిన సాదాబైనామా తీసుకుని తిరగని ఆఫీసు లేదు. ఆ టెన్షన్‌లో ఆయనకు నిద్ర కూడా కరువైంది. చివరికి నేనే హన్మకొండలో ఉన్న దొర పెద్ద బిడ్డ ఇల్లు కనుక్కుని పోయాను. ఎనభై దాటిన మనిషి. ఎవరంటే, నీరటి మనుమణ్ణి అని చెప్పాను.

"కూర్చో బిడ్డా" అంది. కాగితం చూడలేదు, చెయ్యి అడ్డం పెట్టింది. "మీ తాత నాకు తెలుసు. పెళ్లి కాకముందు మేం పెద్ద దర్వాజ దాటి ఎరగం. ఎటు పోయినా పరదా కట్టిన బండిలోనే. మేడ మీద కిటికీ దగ్గర కూర్చునేదాన్ని. మీ తాత తూము దగ్గర మునిగితే, మళ్లీ తల పైకి వచ్చేదాకా నేనూ ఊపిరి బిగబట్టేదాన్ని" అంది.

నాకు నోట మాట రాలేదు. ఆ కిటికీల్లోంచి చూసింది దొర ఒక్కడే అనుకున్నాడు తాత. ఆయన బతికుండగా ఈ మాట వినాల్సింది.

ఆమె తమ్ముళ్లను ఒప్పించింది, వారసుల పేర మార్పించింది, పైసా తీసుకోకుండా ఎకరం నాయిన పేర రిజిస్ట్రేషన్ చేసింది. ఆఫీసు నుంచి బయటికి వచ్చాక, "ఒకసారి చెరువు దగ్గరికి తీసుకుపో" అంది. గడి లోపలికి పోదామంటే వద్దంది. కట్ట మీద కారు దిగి, నా చెయ్యి పట్టుకుని తూము దాకా నడిచింది. మిషన్ కాకతీయలో పూడిక తీశాక చెరువు నిండుగానే ఉంది. చీర కుచ్చెళ్లు కొంచెం ఎత్తి నీళ్లలో కాళ్లు పెట్టింది. "చల్లగున్నయి" అంది. ఆమె చేసిన మేలు చిన్నది కాదు. దానితో వెట్టి, ఆడబాపలు, భవంతిలో తాత గడిపిన మూడు రోజులు మాసిపోవు. ఈ రెండూ నాకు నిజమే, ఒకదాని కోసం ఇంకొకటి దాచను.

గడి, వెనక మామిడితోట ఇప్పుడు వ్యాపారి చేతిలో ఉన్నాయి. తోట నరికి ప్లాట్లు చేశాడు, హద్దురాళ్లు పాతాడు. మిగిలింది పెద్ద దర్వాజ, కచేరి, చెరువు వైపు మేడ గోడ, ఒక బురుజు. అవి కూడా తీసేస్తే ఇంకో పది ప్లాట్లు వస్తాయని లెక్క.

ఊళ్లో చాలామంది పోనియ్యమంటున్నారు. దొరతనం గుర్తు మనకెందుకు అంటున్నారు. వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది, ఆ కోపానికి మా ఇంట్లోనే కావలసినన్ని కారణాలున్నాయి. కానీ మా ముత్తవ్వకు ఫొటో లేదు, ఏ కాగితం మీదా పేరు లేదు, బొందపెట్టిన జాగ మీద ఇప్పుడు రోడ్డు ఉంది. ఆమె చేసిన పని ఈ లోకంలో ఎక్కడైనా మిగిలిందంటే ఆ మేడ గోడలోనే. కట్టించినవాళ్లు వదిలేశారు, కొన్నవాళ్లు అమ్మేస్తున్నారు. మోసినవాళ్ల తరఫున మేం అడగకపోతే ఇంకెవరు అడుగుతారు? దోమకొండ కోటను వారసులు బాగు చేయించుకుంటే 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డుల్లో దానికి చోటు దక్కింది. మాది అంత గొప్పది కాదు, మేం అడిగేది కూడా పెద్దదేమీ కాదు. దర్వాజ, మేడ గోడ, బురుజు ఉంచితే చాలు. ఆ గోడకు ఒక రాతి పలక పెట్టి సున్నం మోసినవాళ్లవి, బండ్లు తోలినవాళ్లవి, రాళ్లు చెక్కిన ఒడ్డెరలవి, దొరికినన్ని పేర్లు చెక్కించే ఖర్చు మేం పెట్టుకుంటాం.

బడిలో చదివినవాళ్లం కొందరం పోయి వ్యాపారితో మాట్లాడాం. మర్యాదగానే విన్నాడు. ఊరంతా సంతకాలు పెట్టి రాసిస్తే దసరా తర్వాత చూస్తానన్నాడు. కాగితం తయారైంది. మొదటి సంతకం మా నాయినది, రెండోది గడి కట్టిన మేస్త్రీ ముని మనుమరాలిది. పేర్లు ఇంటింటికీ తిరిగి రాసుకుంటున్నాను, ఇప్పటికి ముప్పై దాకా వచ్చాయి. కొన్నిటికి ఇంటిపేరు ఉంది, మనిషి పేరు దొరకడం లేదు. బతుకమ్మకు ఊరికి వచ్చేవాళ్లు వాళ్ల అవ్వలను, తాతలను అడిగి రండి. కాగితం నా దగ్గరే ఉంటుంది.